కొండవాలు ఇళ్లలో చెమ్మ

కొండవాలు ఇళ్లలో చెమ్మ అనగా కొండ వాలును కోసి చదును చేసిన స్థలంలో కట్టిన ఇళ్ల పునాదులకు, గోడలకు, నేలకు భూమిలోని నీరు చేరడం వల్ల ఏర్పడే తడి. ఆంధ్రప్రదేశ్‌లోని అరకు లోయ, అనంతగిరి, పాడేరు, చింతపల్లి వంటి తూర్పు కనుమల ప్రాంతాలలో ఇది వానకాలమంతా కనిపించే సమస్య. మైదాన ప్రాంతపు ఇంటికి నీరు పైనుండి, క్రిందినుండి వస్తుంది. కొండవాలు ఇంటికి వీటికి తోడు వెనుక నుండి కూడా వస్తుంది. అందువలన మైదానంలో పనికివచ్చే చికిత్సలు కొండమీద చాలాసార్లు విఫలమౌతాయి. గోడలోకి వచ్చిన నీటిని లోపలినుండి ఆపడం కంటే, ఆ నీరు గోడ వద్దకు రాకుండా దారి మళ్లించడం ఇక్కడ ప్రధాన సూత్రం. చెమ్మను అశ్రద్ధ చేస్తే ఇంట్లోని మనుషుల ఆరోగ్యం, నిలవచేసిన ధాన్యం, కాఫీ గింజలు, చివరకు గోడల పటుత్వం కూడా దెబ్బతింటాయి.

== పదజాలం ==

గోడకు పట్టిన తడిని తెలుగులో చెమ్మ, నెమ్ము, నిమ్ము అని పలు పేర్లతో వ్యవహరిస్తారు. నేల పొరలనుండి నీరు నెమ్మదిగా బయటకు రావడాన్ని ఊట అంటారు. ఉత్తరాంధ్రలో కొండవాగును గెడ్డ అంటారు.

బేస్‌మెంట్ అనే మాటకు తెలుగునాట రెండు అర్థాలు వాడుకలో ఉన్నాయి. తాపీ మేస్త్రీలు, గృహనిర్మాణ శాఖ సిబ్బంది నేలమట్టం నుండి ఇంటి గచ్చు వరకు ఉండే పునాది కట్టుబడిని బేస్‌మెంట్ అంటారు. ప్రభుత్వ గృహ పథకాలలో బిల్లులు చెల్లించే దశలలో "బేస్‌మెంట్ లెవెల్" ఒకటి. నగరాలలో మాత్రం నేలకు దిగువన ఉండే అంతస్తును, అనగా సెల్లారును, ఈ పేరుతో పిలుస్తారు. కొండవాలు ఇళ్లలో ఈ రెండూ ఒకేచోట కలుస్తాయి. వాలును కోసి కట్టిన గదికి ముందువైపు గోడ వెలుతురులో ఉంటుంది, వెనుకవైపు గోడ సగం వరకు మట్టిలో ఉంటుంది. సెల్లారు అని ఎవరూ పిలవకపోయినా ఆ గది సగం నేలమాళిగయే.

== భౌగోళిక నేపథ్యం ==

అరకు లోయ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. ఇది పూర్వం విశాఖపట్నం జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్ 4 నుండి పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో భాగమైనది. జూన్ నుండి సెప్టెంబరు వరకు నైరుతి ఋతుపవనాలు, ఆ తరువాత అక్టోబరు, నవంబరు నెలలలో బంగాళాఖాతపు వాయుగుండాలు ఇక్కడ వర్షాలు కురిపిస్తాయి. 2014 అక్టోబరు 12న విశాఖపట్నం వద్ద తీరం దాటిన హుద్‌హుద్ తుఫాను ఈ కొండలను కూడా తీవ్రంగా దెబ్బతీసింది. కాఫీ తోటలలో నీడచెట్లు పెద్దసంఖ్యలో కూలిపోయాయి.

ఈ కొండలలో ప్రధానమైన శిల ఖోండలైటు. ఇక్కడి ఖోండు గిరిజనుల పేరుమీదనే ఈ శిలకు ఆ పేరు వచ్చింది. ఇది వాతావరణ ప్రభావానికి లోనై క్రమంగా మెత్తబడి ఎర్రమట్టిగా మారుతుంది. పైనున్న మెత్తని పొర వాననీటిని పీల్చుకొంటుంది. అడుగున ఉన్న గట్టి రాయి దానిని క్రిందికి దిగనీయదు. అందువలన నీరు ఈ రెండు పొరల మధ్యగా వాలు వెంట ప్రయాణించి, వీలైనచోట ఊటగా బయటకు వస్తుంది. ఇంటి కోసం వాలును నిలువుగా కోసినప్పుడు ఈ నీటిదారి తెగి, కోత ముఖం వద్ద నీరు బయటపడుతుంది. వాన వెలిసిన చాలా రోజుల వరకు కొన్ని ఇళ్ల వెనుకగోడ తడిగానే ఉండడానికి కారణం ఇదే.

== సాంప్రదాయిక గృహాలు ==

బగత, కొండదొర, వాల్మీకి, కోటియ, ఖోండు, పోర్జ, గదబ మొదలైన తెగలవారు నివసించే ఈ ప్రాంతంలో పాత ఇళ్లు ఎక్కువగా మట్టిగోడలతో, గడ్డి లేదా పెంకుల కప్పుతో ఉండేవి. ఇటువంటి ఇళ్లు నేటికీ కొన్ని గ్రామాలలో కలవు. మట్టిగోడకు నీరే ప్రధాన శత్రువు కనుక ఆ ఇళ్ల నిర్మాణంలో నీటిని దూరంగా ఉంచే ఏర్పాట్లు కనిపిస్తాయి.

* చూరు గోడకు చాలా ముందుకు, క్రిందికి దిగి ఉంటుంది. చూరునీళ్లు గోడకు దూరంగా పడతాయి.
* గోడను ఆనుకొని ఉండే అరుగు కూర్చోవడానికే గాక గోడ మొదలును వాన జల్లునుండి కాపాడడానికి కూడా ఉపయోగపడుతుంది.
* పొయ్యి ఇంటి లోపలే ఉండడం వల్ల వేడి, పొగ గోడలను, కప్పును ఆరబెడతాయి. అయితే ఆ పొగ ఊపిరితిత్తులకు, కళ్లకు హాని చేస్తుంది.
* మట్టి, పేడ పూత నీటిని ఆపకపోయినా గోడలోని తడిని ఆవిరిగా బయటకు పోనిస్తుంది. పూత అరిగినచోట ఏటా తిరిగి పూస్తారు.

సిమెంటు ఇంటికి మారినప్పుడు గోడ బలపడుతుంది. కాని చూరు కురచబడి, అరుగు తొలగి, వెనుకగోడ కొండకు ఆనితే మట్టిఇంటికి ఉన్న రక్షణలు పోతాయి. సిమెంటుకు చెమ్మ పట్టదనే నమ్మకం సరికాదు. సిమెంటు దిమ్మెలు, కాంక్రీటు, ఇటుక అన్నీ సూక్ష్మరంధ్రాలు గలవే. మామూలు ఇటుకను 24 గంటలు నీటిలో నానబెట్టినప్పుడు అది పీల్చే నీరు తన బరువులో 20 శాతానికి మించరాదని భారతీయ ప్రమాణం చెబుతున్నది. అనగా మంచి ఇటుక కూడా కొంత నీరు త్రాగుతుంది.

== నీరు చేరే మార్గాలు ==

=== క్రిందినుండి ఎక్కే చెమ్మ ===

దీపపు వత్తి నూనెను పైకి లాగినట్లే ఇటుక, మట్టి, సిమెంటులోని సన్నని రంధ్రాలు నేలలోని నీటిని పైకి లాగుతాయి. దీనిని కేశనాళికీయత అంటారు. రంధ్రం ఎంత సన్ననైతే నీరు అంత ఎత్తుకు ఎక్కుతుంది. మిల్లీమీటరులో నూరవ వంతు వ్యాసార్ధం గల నాళంలో నీరు సిద్ధాంతరీత్యా సుమారు ఒకటిన్నర మీటర్లు ఎక్కగలదు. గోడలో నీరు పైకి పోతున్నకొద్దీ ఆవిరవుతుంది కనుక తడి మరక సాధారణంగా మీటరు ఎత్తు వద్ద ఆగుతుంది. నీటితో వచ్చిన లవణాలు అక్కడ తెల్లని పొడిగా తేలుతాయి. దీనినే చవుడు పట్టడం అంటారు.

=== వెనుకనుండి వచ్చే ఊట ===

కొండవాలుకు ప్రత్యేకమైనది ఇది. గోడ వెనుక మట్టిలో నీరు నిలిస్తే అది గోడను తోస్తుంది. ఒక మీటరు లోతు నీరు తన అడుగుభాగంలో ప్రతి చదరపు మీటరుపైన సుమారు ఒక టన్ను బరువుకు సమానమైన ఒత్తిడి కలిగిస్తుంది. ఈ ఒత్తిడికి నీరు గోడలోని అతుకులు, బీటలు, గోడ–గచ్చు కలిసే మూలల గుండా లోపలికి వస్తుంది. లోపలివైపు పూసిన పూత ఈ ఒత్తిడికే ఊడిపోతుంది.

=== గాలిలోని తేమ ===

20 డిగ్రీల సెల్సియస్ వద్ద ఒక ఘనపు మీటరు గాలి సుమారు 17 గ్రాముల నీటియావిరిని నిలుపుకోగలదు. 10 డిగ్రీల వద్ద సుమారు 9 గ్రాములు మాత్రమే నిలుపుకోగలదు. మిగిలినది చల్లని గోడపై నీటి బిందువులుగా చేరుతుంది. అరకు, లంబసింగి ప్రాంతాలలో శీతాకాలపు రాత్రులు తలుపులన్నీ మూసి, లోపల వంట చేసి, నలుగురు నిద్రించే గదిలో ఇది సహజం. గోడకు ఏ ఊటా లేకపోయినా మూలలలో, పెట్టెల వెనుక నల్లని బూజు కనిపిస్తుంది.

=== కప్పు, గొట్టాల లీకులు ===

కాంక్రీటు కప్పు బీటలు, పగిలిన పెంకులు, గోడలో పోయే నీటి గొట్టాలు, స్నానాలగది గచ్చు కూడా చెమ్మకు కారణాలు. వీటిని మరచి పునాదికి ఖర్చు పెట్టడం తరచుగా జరిగే పొరపాటు.

== మూలాన్ని గుర్తించడం ==

చికిత్సకు ముందు నీరు ఏ దారిన వస్తున్నదో తెలుసుకోవాలి. క్రింది గుర్తులు ఇందుకు ఉపయోగపడతాయి.

* తడి గోడ మొదలునుండి సమానమైన ఎత్తువరకు పట్టీలా ఉండి, పైఅంచున తెల్లని పొడి ఉంటే అది క్రిందినుండి ఎక్కిన చెమ్మ.
* కొండవైపు గోడ మాత్రమే తడిసి, మిగిలిన గోడలు పొడిగా ఉంటే అది ఊట. వాన పడిన కొన్ని గంటల నుండి కొన్ని రోజుల తరువాత తడి పెరగడం దీని లక్షణం.
* తడి వానకాలంలో కంటే చలికాలపు ఉదయాలలో ఎక్కువగా ఉంటే గాలిలోని తేమ కారణం.
* వాన ఉన్నా లేకున్నా ఒకేచోట మరక పెరుగుతూ ఉంటే గొట్టాన్ని అనుమానించాలి. రాత్రి కొళాయిలన్నీ కట్టివేసి, ట్యాంకులోని నీటిమట్టం ఉదయానికి తగ్గిందేమో చూడవచ్చు.

ఊటకు, గాలి తేమకు భేదం తెలియనప్పుడు ఒక సులభమైన పరీక్ష కలదు. ఒక అడుగు పొడవు, ఒక అడుగు వెడల్పు గల ప్లాస్టిక్ కాగితాన్ని గోడకు పరచి, నాలుగు అంచులను టేపుతో గాలి చొరకుండా అంటించాలి. ఒకటి రెండు రోజుల తరువాత కాగితానికి గదివైపున నీటి బిందువులు ఉంటే అది గాలిలోని తేమ. గోడవైపున ఉంటే నీరు గోడలోనుండి వస్తున్నది. రెండువైపులా ఉంటే రెండు కారణాలూ ఉన్నట్లే.

== నివారణ ==

పనులను బయటినుండి లోపలికి, పైనుండి క్రిందికి వరుసగా చేయాలి. ముందు చేయవలసినవి తక్కువ ఖర్చుతో కూడినవి, ఎక్కువ ఫలితమిచ్చేవి కావడం గమనించదగినది.

=== వాన నీటిని మళ్లించడం ===

50 చదరపు మీటర్ల కప్పుపై 10 సెంటీమీటర్ల వాన పడితే 5,000 లీటర్ల నీరు చేరుతుంది. ఆ నీరంతా గోడ మొదట్లో పడకుండా చూరుకు దోనె కట్టి, గొట్టం ద్వారా ఇంటికి దిగువవైపుకు పంపాలి. ఇంటిచుట్టూ నేల గోడనుండి బయటకు వాలుగా ఉండాలి. కొండవైపున, ఇంటికి కొన్ని మీటర్ల ఎగువన అర్ధచంద్రాకారంలో కాలువ త్రవ్వి, పైనుండి వచ్చే నీటిని ఇంటికి ఇరువైపులా మళ్లించాలి. ఘాట్ రోడ్లలో కొండవైపున కనిపించే కాలువ, రోడ్డు క్రింద ఉండే తూము చేసే పని ఇదే. కాలువనీరు పొరుగువారి ఇంటిపైకి గాక గెడ్డలోకో, రాళ్లు పరచిన పల్లానికో చేరాలి. మట్టి కోసుకొనిపోకుండా కాలువ అడుగున రాళ్లు పరచడం మంచిది.

=== కొండకు, గోడకు మధ్య ఖాళీ ===

కొత్తగా కట్టేవారికి ఇది ముఖ్యమైనది. కోసిన కొండకు ఇంటిగోడను ఆనించి కట్టరాదు. కోతకు వేరుగా రాతి రక్షణగోడ కట్టి, దానికి ఇంటిగోడకు మధ్య మనిషి నడవగలిగినంత ఖాళీ విడవాలి. ఆ ఖాళీలో గచ్చు కాలువ ఉండాలి. రక్షణగోడలో ఒకటిన్నర నుండి రెండు మీటర్లకు ఒకటి చొప్పున, 75 నుండి 100 మిల్లీమీటర్ల వ్యాసం గల గొట్టపు ముక్కలను బయటకు వాలుగా అమర్చాలి. గోడ వెనుక కంకర నింపాలి. ఈ రంధ్రాలగుండా నీరు కారడం లోపం కాదు, గోడ క్షేమంగా ఉన్నదనడానికి గుర్తు. చూడడానికి బాగులేదని వాటిని మూసివేస్తే గోడ వెనుక నీరు నిలిచి ఒత్తిడి పెరుగుతుంది.

=== కంకర కాలువ ===

ఇప్పటికే కొండకు ఆని ఉన్న ఇంటికి వెనుకగోడ వెంబడి కందకం త్రవ్వి కంకర కాలువ వేయవచ్చు. కందకం అడుగు గది గచ్చుకు దిగువన ఉండాలి, కాని పునాది అడుగుకు దిగువకు పోరాదు. అడుగున రంధ్రాలు గల గొట్టాన్ని ప్రతి మీటరుకు కనీసం ఒక సెంటీమీటరు వాలు ఉండేలా పరచి, చుట్టూ కంకర పోస్తారు. కంకరను నీటిని పోనిచ్చి మట్టిని ఆపే జియోటెక్స్‌టైల్ వస్త్రంతో చుట్టకపోతే కొన్నేళ్లకు ఒండ్రు చేరి కాలువ పూడిపోతుంది. గొట్టపు రెండవ కొస వాలులో దిగువన ఆరుబయట తెరచి ఉండాలి. కందకం త్రవ్వేటప్పుడే గోడ బయటి ముఖానికి నీరు చొరని పూత వేయాలి. గోడ పొడవునా ఒకేసారి త్రవ్వితే గోడ, కొండ రెండూ కూలే ప్రమాదం ఉన్నది. కొద్దికొద్ది భాగాలుగా, ఎండాకాలంలో, అనుభవజ్ఞుడైన ఇంజనీరు సలహాతో ఈ పని చేయాలి.

=== పునాదిలో చెమ్మ నిరోధక పొర ===

జాతీయ భవన నియమావళి ప్రకారం ఇంటి గచ్చు చుట్టూ ఉన్న నేలకంటే కనీసం 45 సెంటీమీటర్ల ఎత్తున ఉండాలి. పునాది కట్టుబడిపైన, గోడ మొదలుపెట్టే ముందు, నీరు చొరని రసాయనం కలిపిన కాంక్రీటును సుమారు 4 సెంటీమీటర్ల మందాన తెగకుండా పరుస్తారు. ఇది నేలకు కనీసం 15 సెంటీమీటర్ల ఎత్తున ఉండాలి. తరువాత తోటమట్టిని గోడకు ఎగదోసి ఈ పొరను కప్పివేస్తే చెమ్మ పొరను దాటి పైకి ఎక్కుతుంది. భవనాలలో చెమ్మ నిరోధానికి సంబంధించిన భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 3067. గచ్చు క్రింద కంకర పొర, దానిపై మందమైన ప్లాస్టిక్ షీటు పరచి కాంక్రీటు వేస్తే నేలనుండి వచ్చే తడి తగ్గుతుంది.

=== లోపలి పనులు ===

బయటి నీరు ఆగిన తరువాతనే లోపలి మరమ్మతు చేయాలి. ఉప్పు పట్టిన పాత పూతను తడిమరకకు కనీసం అరమీటరు పైవరకు చెక్కివేసి, గోడను పూర్తిగా ఆరనివ్వాలి. మందమైన గోడ ఆరడానికి నెలలు పడుతుంది. మట్టిగోడకు, పాత సున్నపు గోడకు మట్టి లేదా సున్నపు పూతయే తగినది. బూజును సబ్బునీటితో కడిగి ఆరబెట్టాలి. ఆ సమయంలో ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకోవాలి. వంటగదికి పొగగొట్టం, ప్రతిగదికి ఎదురెదురుగా కిటికీలు లేదా వెంటిలేటర్లు ఉంటే గాలి తేమ తగ్గుతుంది.

== తరచుగా జరిగే పొరపాట్లు ==

* చెమ్మగోడకు లోపల సిమెంటు పూత, ఆయిల్ పెయింటు వేయడం. తడి బయటకు పోలేక మరింత ఎత్తుకు ఎక్కుతుంది.
* మట్టిగోడకు సిమెంటు పూత పూయడం. పూత వెనుక మట్టి నాని, పైకి గట్టిగా కనిపిస్తూనే గోడ లోపల బలహీనపడుతుంది.
* చెమ్మగోడకు టైల్సు అంటించడం. మరక కనిపించదు గాని నీరు ఆగదు.
* వానలు కురిసే రోజులలో కిటికీలు తెరచి ఉంచితే గది ఆరుతుందనుకోవడం. బయటి గాలి లోపలికంటే తడిగా ఉన్నప్పుడు ఫలితం తలక్రిందులౌతుంది. ఎండ కాసిన వేళ తెరవాలి.

== చెమ్మ వల్ల కలిగే నష్టాలు ==

చెమ్మ, బూజు ఉన్న ఇళ్లలో నివసించేవారికి ఉబ్బసం, ఇతర శ్వాసకోశ ఇబ్బందులు ఎక్కువగా కలుగుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ప్రచురించిన మార్గదర్శకాలలో పేర్కొన్నది. పసిపిల్లలకు, వృద్ధులకు ఈ ముప్పు అధికం.

గిరిజన కుటుంబానికి ఇల్లే గిడ్డంగి. చోళ్లు, మొక్కజొన్న, పసుపు, మిరియాలు ఇంట్లోనే నిలవ ఉంటాయి. తడి తగిలిన మొక్కజొన్న, వేరుశనగలలో పెరిగే కొన్ని బూజులు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తాయి. అది వండినా పూర్తిగా నశించదు. అరకు లోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. పొట్టుతో ఉన్న కాఫీ గింజలను తేమ 10 నుండి 12 శాతం మధ్యకు వచ్చేవరకు ఆరబెట్టి నిలవచేస్తారు. చెమ్మగోడకు ఆనించిన బస్తా గాలిలోని తేమను తిరిగి పీల్చుకొంటుంది. గింజ రంగు మారి, బూజువాసన వచ్చి ధర పడిపోతుంది. ఏడాది శ్రమ గోడ ప్రక్కన పాడవకుండా ఉండాలంటే బస్తాలను చెక్క బల్లలపై, గోడకు ఒకటి రెండు అడుగుల దూరంలో పేర్చాలి. బస్తాను నేరుగా గచ్చుపై పెట్టరాదు.

తడిగోడలోని విద్యుత్ తీగలు, స్విచ్చులు ప్రాణాపాయం కలిగించవచ్చు. గోడను తాకినప్పుడు జివ్వుమంటే వెంటనే మెయిన్ ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. 30 మిల్లీ ఆంపియర్ల కరెంటు కారినా సరఫరాను ఆపివేసే రక్షణ స్విచ్చును అమర్చుకోవడం మేలు.

== ప్రమాద సూచనలు ==

కొన్ని గుర్తులు చెమ్మకు గాక కొండ కదలికకు సంబంధించినవి. ఇంటి వెనుక వాలుపై కొత్త బీటలు, వంగిన చెట్లు లేదా స్తంభాలు, వెనుకగోడ లోపలికి ఉబ్బడం, తలుపులు హఠాత్తుగా బిగుసుకోవడం, తేటగా వచ్చే ఊట బురదగా మారడం లేక ఒక్కసారిగా ఆగిపోవడం వీటిలో ముఖ్యమైనవి. వానలో ఇవి కనిపిస్తే మరమ్మతుకు పూనుకోరాదు. అందరూ ఇల్లు విడిచి, వాలుకు, గెడ్డ దారికి దూరంగా ఉన్న చోటికి వెళ్లి, గ్రామ సచివాలయానికి గాని రెవెన్యూ అధికారులకు గాని తెలియజేయాలి. రోజుల తరబడి నానిన మట్టిగోడ వాన తగ్గిన తరువాత కూడా కూలవచ్చు. కనుక అటువంటి గోడ ప్రక్కన పడుకోరాదు.

== ఏడాదిలో చేయవలసిన పనులు ==

* మార్చి నుండి మే వరకు: కందకాలు, పునాది, రక్షణగోడ పనులు. కప్పు బాగుచేయడం, మట్టిపూత.
* జూన్ మొదటి వారం: కాలువలలోని ఆకులు, మట్టి తీయడం. రక్షణగోడ రంధ్రాలను కడ్డీతో శుభ్రపరచడం.
* జూన్ నుండి నవంబరు వరకు: పెద్దవాన తరువాత ఇంటి వెనుకకు వెళ్లి నీరు ఎటు పోతున్నదో చూడడం. తడి మరక అంచున బొగ్గుతో గీత గీసి తేదీ వ్రాస్తే అది పెరుగుతున్నదో తగ్గుతున్నదో తెలుస్తుంది.
* డిసెంబరు నుండి ఫిబ్రవరి వరకు: ఎండవేళ గదులకు గాలి పట్టించడం, నిలవధాన్యాన్ని ఎండబెట్టడం, వేసవి పనులకు అంచనా వేసుకోవడం.